శుక్రవారపు సాక్షులు

నమోదు 4,018. సోమవారం.

ఉదయం ఎనిమిది నలభైకి రెండు విమానాలూ లేచాయి. నీలపథంలో నలభై ఆరుగురు. తూర్పురెక్కలో ఎవరూ లేరు. సాయంత్రం ఆరున్నరకు రెండూ తిరిగొచ్చాయి. పోటీ సంతృప్తికరం. సంతకం చేశాను.

మండలికి వెళ్ళేది ఇంతవరకే. మిగతాది ఈ పాత డైరీలో నాకోసం రాసుకుంటున్నాను. గవ్వలదీవిలో సాయంత్రం వేళ చేయడానికి ఇంకేమీ ఉండదు.

నేను పోటీ పరిరక్షణ మండలి పరిశీలకురాలిని. ఏ గగనమార్గంలోనైనా కనీసం రెండు సంస్థలు పోటీపడి విమానాలు నడపాలని చట్టం. నడుస్తున్నాయో లేదో చూసి రాయడం నా పని. దేశంలోని విమాన సంస్థలన్నీ ఒకదాన్నొకటి మింగుతూ వచ్చి చివరికి ఒకే యజమాని మిగిలాడు. చట్టం మాత్రం అలాగే ఉంది. అందుకని ఆ యజమాని రెండు పేర్లు పెట్టుకున్నాడు. ఒక విమానానికి నీలం రంగు, రెండోదానికి కుంకుమ రంగు. తూర్పురెక్క టికెట్టు ధర నీలపథానికి పదింతలు. రెండు ధరలూ ఒకటైతే కుమ్మక్కు అయ్యారంటారు, వేరువేరుగా ఉంటే పోటీ ఉన్నట్టు. అంత పెట్టి ఎవరూ ఎక్కరు. పదకొండేళ్ళుగా అది విశాఖకు ఖాళీగా వెళ్ళి ఖాళీగా వస్తోంది.

రెంటికీ మేనేజరు బెవర సూర్యం గారు ఒక్కరే. ఎడమ బల్ల దగ్గర నీలం కోటు వేసుకుంటారు. ఆ విమానం తలుపు మూశాక దాన్ని విప్పి కుర్చీకి తగిలించి, కుంకుమ రంగు కోటు వేసుకుని కుడి బల్ల దగ్గరికి వస్తారు. అక్కడ ఎవరూ ఉండరు. అయినా పది నిమిషాలు నిలబడతారు.

"నమస్కారం పరిమళ మేడమ్" అన్నారివాళ కుడి బల్ల వెనక నుంచి. ఎడమ బల్ల వెనక నుంచి ఒకసారి అప్పటికే అన్నారు.

నమోదు 4,023. శనివారం.

ఆకాశ సందు మళ్ళీ ఇరుకైంది.

సముద్రం మీద మా విమానాలు వెళ్ళే దారిని ఇక్కడందరూ సందు అంటారు. సందుకు ఒకపక్క ఆకాశం ఉత్తర కూటమిది, రెండోపక్క దక్షిణ కూటమిది. మధ్యలో ముప్ఫై కిలోమీటర్ల వెడల్పున ఇద్దరూ కలిసి వదిలింది మాది. వాళ్ళకు మాటా మాటా వచ్చినప్పుడల్లా సందు కాస్త తగ్గుతుంది. ఓడ నెలకొకటి వస్తుంది, మందుపాతరలను తప్పించుకుంటూ, ఆరు రోజుల ప్రయాణం.

ఈ ఉదయం వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇకమీదట వారానికి రెండే ప్రయాణాలు. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. మండలి మధ్యాహ్నానికల్లా పంచేసింది. మంగళవారం నీలపథానికి, శుక్రవారం తూర్పురెక్కకు. సమాన అవకాశం.

"రెండూ నీలపథానికే ఇవ్వమని నీలపథం మేనేజరుగా నిన్నే రాశాను మేడమ్" అన్నారు సూర్యం గారు. "దానికి తూర్పురెక్క మేనేజరుగా అభ్యంతరం కూడా నేనే రాశాను. రాయకపోతే కుమ్మక్కు అంటారు కదా."

ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. చాలాకాలంగా నాకు నవ్వో దుఃఖమో వచ్చిన గుర్తు లేదు. అలవాటైన కూలివాడి భుజానికి మూట బరువు తెలియనట్టు ఉంటుంది.

నమోదు 4,026. మంగళవారం.

నీలపథం, నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది సీట్లు నిండాయి. ఇంకా అరవైమంది గేటు బయట ఉండిపోయారు. పోటీ సంతృప్తికరం.

విమానం ఎక్కినవాళ్ళలో నలుగురు కిడ్నీ రోగులు. దీవి ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రం ఉంది కానీ దాని ఫిల్టర్లు ఉత్తర కూటమి దేశం నుంచి రావాలి. రెండేళ్ళుగా రావడం లేదు. అందుకే ఈ నలుగురూ వారానికి రెండుసార్లు విశాఖ వెళ్ళి, నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని, సాయంత్రం విమానంలో వచ్చేస్తారు. వాళ్ళ ఉచిత పాసులు నీలపథం ఇచ్చినవి.

వాళ్ళలో మైలపిల్లి దానమ్మకు యాభై రెండేళ్ళు. చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. సాయంత్రం విమానం దిగి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఆపీసరమ్మా, సుక్కురారం ఇమానం ఎల్తాదా?"

"వెళ్తుంది."

"మమ్మల్ని ఎక్కించుకోదేటి?"

నీలపథం పాసున్నవాళ్ళను తూర్పురెక్క ఎక్కించుకుంటే అది రెండు సంస్థల కుమ్మక్కు అవుతుందని, చట్టం ఒప్పుకోదని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఖాళీగా ఎల్తాది గానీ మమ్మల్ని తీసుకెల్లదు."

"అవును."

"వారానికి ఒకపాలి సరిపోదమ్మా. ఒల్లంతా నీరెక్కీసి సచ్చిపోతాం." మామూలుగా, చేపల ధర చెప్పినట్టు చెప్పింది. "ఇంతకీ మనం ఏ కూటమోలమ్మా?"

"రెండింటిలోనూ లేము."

"అందుకే ఇద్దరూ మన నెత్తిమీదే గీత గీసీసినారు" అని చెప్పుల శబ్దం చేసుకుంటూ వెళ్ళిపోయింది.

నమోదు 4,029. శుక్రవారం.

తూర్పురెక్క, ప్రయాణికులు లేరు. పోటీ సంతృప్తికరం.

విమానంలో పైలట్ ఉండడు. విశాఖలో ఒక గదిలో కూర్చుని నడుపుతాడు. తలుపు మూసే ముందు లోపలి స్పీకర్లో అతని గొంతు వినబడుతుంది. "తూర్పురెక్కకు స్వాగతం. సీటు బెల్టులు పెట్టుకోండి." మంగళవారం నీలపథంలో స్వాగతం చెప్పిందీ ఈ గొంతే.

గేటు బయట ఆ నలుగురూ బెంచీ మీద కూర్చుని విమానం ఎగరడం చూశారు. దానమ్మ పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. పక్కన రిటైరైన బడిపంతులు లోకనాథం మాస్టారు, చిన్న వయసు ఫాతిమా, గెస్ట్ హౌస్ వంటమనిషి సెల్వం. మాస్టారు సన్నటి మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు.

మధ్యాహ్నం పనిలేక పరిశీలకుల నిబంధనల పుస్తకం తీశాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ చివరిదాకా చదవలేదు. ఇరవై ఏడో నిబంధన ఇలా ఉంది. పోటీ తీరును నిర్ధారించేందుకు పరిశీలకులు తమకు అవసరమైన సాక్షులను వెంటబెట్టుకుని ఏ సంస్థ విమానంలోనైనా ఉచితంగా ప్రయాణించవచ్చు. సాక్షులు ఎంతమందన్నది రాయలేదు.

రెండుసార్లు చదివి పుస్తకం మూశాను. సాయంత్రం దానమ్మ ఇంటికి నడిచి వెళ్ళాను.

నమోదు 4,036. శుక్రవారం.

తూర్పురెక్క, పరిశీలకురాలు ఒకరు, సాక్షులు నలుగురు.

సూర్యం గారు కుంకుమ కోటులో నిలబడి నలుగురి పేర్లూ అడిగారు. వాళ్ళందరినీ ఆయన పదేళ్ళుగా ఎరుగుదురు. ఒక్కొక్కటీ పూర్తిగా రాసుకున్నారు. ఆ బల్ల దగ్గర ఆయన ఒక పేరు రాయడం ఇదే మొదటిసారి.

విశాఖ ఆసుపత్రిలో దానమ్మ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సూదులు గుచ్చే ముందు ఆమె తన ఎడమ చెయ్యి నాకు చాపింది.

"ఇక్కడ సెయ్యి ఎట్టి సూడండి."

పెట్టాను. ఆపరేషన్ చేసి నరాలు కలిపినచోట చర్మం కింద జుమ్మని అదిరింది, తేనెటీగను గుప్పిట్లో మూసినట్టు. వెంటనే తీయలేదు. ఎందుకో కాసేపు అలాగే ఉంచాను.

సాక్షులను తీసుకెళితే వాంగ్మూలం జతచేయాలి. ముందే రాసి తెచ్చాను. "గవ్వలదీవి మార్గంలో రెండు సంస్థలు పరస్పరం పోటీగా సేవలందిస్తున్నట్టు నేను స్వయంగా చూశాను." సెల్వం వేలిముద్ర వేయబోయాడు. దానమ్మ ఆపింది.

"సదివి ఇనిపించండి."

వినిపించాను.

"ఇది నాను సెప్పనేదు కదమ్మా."

"అందరూ ఇలాగే రాస్తారు."

"నాను సూసింది ఏరే. సూర్యంబాబు ఒక్కడే రెండు కోట్లూ ఏసుకుంటాడు. ఇమానంలో మాటాడినోడూ ఒక్కడే. రెండిట్లోనూ ఆ ఉప్మా పొట్లమే ఇస్తారు, ఆ ఉప్పు తక్కువదే. అది రాయండి."

అది రాస్తే ఏమవుతుందో చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఇక్కడికి రాకముందు మేడికొండ అనే ఊళ్ళో ఉండేదాన్ని. అక్కడా ఇలాగే రెండు పేర్లు, ఒకే యజమాని. కొత్త ఉద్యోగం, ఉన్నది ఉన్నట్టు రాశాను. పోటీ లేదని తేలింది కాబట్టి చట్టప్రకారం ఆ మార్గాన్నే రద్దు చేశారు. యజమానికి నష్టమేమీ లేదు. కొండదారి ఏటా విరిగిపడే ఆ ఊళ్ళో రెండేళ్ళలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. నిజాయితీగా పనిచేశానని నాకు ప్రశంసాపత్రం ఇచ్చి ఇక్కడికి పంపారు. అప్పటినుంచి ఒకే మాట రాస్తున్నాను.

దానమ్మ అంతా విన్నది. యంత్రం గిరగిరా తిరుగుతోంది.

"అయితే అబద్దం మీరు రాసుకోండి తల్లీ. మీ ఉద్దోగం అది. నా ఏలిముద్ర మాత్రం ఏయను."

"వేయకపోతే మీరు సాక్షి కారు. వచ్చే శుక్రవారం రాలేరు."

"నాకు తెలుసు" అని కళ్ళు మూసుకుంది.

నమోదు 4,040. మంగళవారం.

మూడు రోజులు నిబంధనల పుస్తకంతోనే గడిపాను. ముప్ఫయ్యో నిబంధన ప్రకారం వాంగ్మూలం ఒక్కరోజులో ముగియకపోతే సాక్షిని మళ్ళీ తీసుకురావచ్చు. ముగిసేదాకా ఎవరికీ పంపనవసరం లేదు. ఒకరి వాంగ్మూలం నడుస్తుండగా మిగతా సాక్షుల నుంచి విడిగా తీసుకోనవసరమూ లేదు.

దానమ్మ చేపలు ఎండబెట్టే యార్డుకు వెళ్ళాను. ఎండలో పరిచిన నెత్తళ్ళ చేపలను తిరగేస్తోంది. నిబంధన వివరించి, "మీరు చూసిందంతా చెప్పండి. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. తొందర లేదు" అన్నాను.

"ఎక్కడినుంచి సెప్పమంటారు?"

"మీ ఇష్టం."

ఆమె చేతులు దులుపుకుని ఆలోచించింది. "అయితే పుట్టుకకాడినుంచి సెప్తాను. నేకపోతే ఇమానం ఎందుకెక్కినానో తెల్దు కదా."

నమోదు 4,092. శుక్రవారం.

తూర్పురెక్క, సాక్షులు నలుగురు. వాంగ్మూలం కొనసాగుతోంది.

ఇవాళ్టికి నూట డెబ్భై పేజీలయ్యాయి. విమానంలో పావు, ఆసుపత్రిలో ముప్పావు. ప్రతి పేజీ చదివి వినిపించాలి. మాట మారితే ఒప్పుకోదు. "తెప్ప మునిగినాది" అంటే నేను "పడవ మునిగింది" అని రాశానని ఒక పేజీ చింపించింది. సరిగ్గా ఉందనిపించాక బొటనవేలు ముద్ర వేస్తుంది.

శ్రీకాకుళం తీరం నుంచి తండ్రి తెప్ప మీద రావడం, తల్లి తర్వాత వస్తుంటే ఓడలో ఆమె పుట్టడం, మొదటి భర్త, రెండో భర్త, ఉప్పు ధర, ఎండు చేపలకు ఈగలు రాకుండా ఏం చేయాలో. మధ్యమధ్యలో ఆకాశం. చిన్నప్పుడు విమానం కనిపిస్తే పిల్లలందరూ చేతులూపేవారట. ఒకప్పుడు దీవి మీదుగా రోజుకు ముప్ఫై వెళ్ళేవట, రకరకాల రంగులవి. తర్వాత ఇరవై, ఆరు, రెండు. ఏ సంవత్సరం ఏ రంగు కనబడకుండా పోయిందో ఆమెకు గుర్తుంది. మండలి దగ్గర కూడా ఈ లెక్క ఉండదు.

ఫాతిమా వింటూ నిద్రపోతుంది. సెల్వం ఉప్మా గురించి దానమ్మతో వాదిస్తాడు. మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు, కానీ వింటారు. ఒకసారి ఆమె తుపాను సంవత్సరం తప్పు చెబితే ఇటు తిరక్కుండానే సరిదిద్దారు.

మండలి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. వాంగ్మూలం ఇంకా ఎందుకు ముగియలేదని. సాక్షి వివరంగా చెబుతోందని చెప్పాను.

నమోదు 4,109. సోమవారం.

సందు మూసేశారు. రెండు కూటములూ ఒకేసారి విన్యాసాలు మొదలుపెట్టాయి. ఎన్నాళ్ళో చెప్పలేదు.

నమోదు 4,113. శుక్రవారం.

విమానాలు లేవు. మండలికి ఏం రాయాలో అడిగాను. రెండు సంస్థలూ సమానంగా ఆగిపోయాయి కాబట్టి ఎప్పటి మాటే రాయమన్నారు. రాశాను.

నలుగురినీ దీవి ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు రోజుకు గ్లాసుడు నీళ్ళే తాగాలన్నారు. సెల్వం గెస్ట్ హౌస్ నుంచి ఐసు ముక్కలు తెప్పించి అందరికీ లెక్కపెట్టి పంచుతున్నాడు.

దానమ్మకు ఊపిరి ఆడటం లేదు. కూర్చునే ఉంది. "రాస్తారా?" అంది.

"విమానంలో లేము కదా."

"రాస్తారా?"

రాశాను. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు పడుతోంది. నాలుగు పేజీలే. ఆఖరిది చదివి వినిపించాక, "ఇది ఎవుడైనా సదువుతాడా అమ్మా?" అంది.

తెలియదన్నాను.

"మీరు సదివినారు కదా" అంది. వేలికి సిరా నేనే పూశాను. వేలు ఉబ్బి ముద్ర మామూలుకు రెండింతలు వచ్చింది.

నమోదు 4,118. బుధవారం.

మైలపిల్లి దానమ్మ ఉదయం పదకొండు గంటలకు చనిపోయింది. సందు మధ్యాహ్నం మూడింటికి తెరిచారు.

మిగతా ముగ్గురినీ నాలుగింటికి ప్రత్యేక అనుమతితో విశాఖకు తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు. దానమ్మ చెల్లెలు స్నానం చేయిస్తుంటే నీళ్ళు అందించాను. ఎడమ చెయ్యి పట్టుకున్నప్పుడు, నరాలు కలిపినచోట ఏ కదలికా లేదు. ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం వండి, తినడం మర్చిపోయాను.

నమోదు 4,120. శుక్రవారం.

మండలికి సమాచారం ముందే చేరింది. మరణాల రిజిస్టరు వాళ్ళ కంప్యూటర్లతో కలిసి ఉంటుంది. ముప్ఫై ఒకటో నిబంధన. సాక్షి మరణిస్తే వాంగ్మూలం ముగిసినట్టే. ఏడు రోజుల్లో పంపాలి. రెండు వందల పన్నెండు పేజీలు, ప్రతి పేజీ మీదా వేలిముద్ర, పోటీ అనేది లేదని చెప్పే వాంగ్మూలం.

విమానంలో ముగ్గురికీ చెప్పాను.

"పంపకండి అక్కా" అంది ఫాతిమా. "మా పాపకి నాలుగేళ్ళు. విమానం ఆపేస్తే నాకు రెండు వారాలు. మీకు తెలుసు కదా, మొన్న చూశారు కదా."

సెల్వం తల వంచుకున్నాడు. మాస్టారు, "ఆవిడ అన్ని పేజీల మీదా ముద్ర వేసింది" అన్నారు. అది పంపమనో, వద్దనో నాకు అర్థం కాలేదు.

దిగాక సూర్యం గారు పక్కకు పిలిచారు. రెండు కోట్లూ లేవు, చొక్కా మీదే ఉన్నారు. "వాంగ్మూలం సముద్రంలో పడిపోయిందని రాసేయండి మేడమ్. సాక్షిగా నేను సంతకం పెడతాను. ఇద్దరు మేనేజర్ల సంతకాలూ ఉంటాయి."

నమోదు 4,125. బుధవారం.

కాగితాల కట్ట తీసుకుని సాయంత్రం జెట్టీ చివరికి వెళ్ళాను. ఎవరూ లేరు. నీళ్ళు లోతుగా ఉన్నాయి. కట్టకు రాయి కూడా కట్టాను.

పైపేజీ గాలికి లేచింది. పట్టుకోబోతే చేతికి ఎండు చేప పొలుసు అంటుకుంది. ఆ వేలిముద్రల్లో అక్కడక్కడా పొలుసులున్నాయి, సిరాతో కలిసి ఎండిపోయినవి. యార్డు నుంచి నేరుగా విమానానికి వచ్చేది, చెయ్యి కడిగినా పోయేవి కావు.

ఒక పేజీ చదివాను. ఇంకొకటి చదివాను. చీకటి పడేదాకా చదివి, రాయి విప్పేసి, కట్ట తిరిగి తెచ్చుకున్నాను.

ధైర్యమని ఎవరైనా అనుకుంటే తప్పు. ఫాతిమా కూతురు ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండు జడలు, గేటు కమ్మీలు పట్టుకుని విమానానికి టాటా చెబుతుంది. తెలిసే చేస్తున్నాను. ఆ కట్ట నీళ్ళలో వేయడానికి నా చెయ్యి రాలేదు, అంతే.

నమోదు 4,126. గురువారం.

పంపాను.

ఫాతిమా ఇంటికి వెళ్ళి చెప్పాను. తలుపు దగ్గరే నిలబడి విన్నది. "సరే" అని తలుపు వేసుకుంది.

నమోదు 4,134. శుక్రవారం.

రద్దు ఉత్తర్వు ఇంకా రాలేదు. మేడికొండకు ఆరు రోజుల్లో వచ్చింది. ఈ శుక్రవారం వెళ్ళగలిగాం. మాస్టారు పేరు మీద కొత్త సాక్షి దరఖాస్తు పెట్టాను కానీ వాంగ్మూలం మొదలుపెట్టలేదు. ఫాతిమా నాకు మూడు వరసలు వెనక కూర్చుంది. ఆసుపత్రిలో దానమ్మ కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు.

నమోదు 4,137. సోమవారం.

మధ్యాహ్నం ఫోను మోగింది. రాజధాని నంబరు. ఉత్తర్వే అనుకుని కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని ఎత్తాను.

"పరిమళ గారేనా? నా పేరు సుభాషిణి. మండలిలో అనువాదకురాలిని." అలసిపోయిన గొంతు, నా వయసే ఉండవచ్చు. "దానమ్మ గారి వాంగ్మూలం నా దగ్గరుంది."

"చెప్పండి."

"విచారణకు ముందు దీన్ని రెండు కూటముల భాషల్లోకీ మార్చాలి. సందు వాళ్ళు వదిలింది కదా, వాళ్ళకూ ప్రతులు ఇవ్వాలి. మీకు తెలిసే ఉంటుంది."

తెలియదని చెప్పాను. మేడికొండ మీద ఏ కూటమి గీతా లేదు.

"మండలిలో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఇలాంటి ఫైళ్ళయితే మామూలుగా రెండు రోజుల పని." అంది. "శనివారం మొత్తం చదివాను. అనువాదం కోసం కాదు, ఊరికే. ఆవిడ బాగున్నారా?"

సంగతి చెప్పాను. ఫైలు మీద ఉంటుందనుకున్నానని అన్నాను.

"ఉంటుంది. అంకెల్లో ఉంటుంది. నేను చూడలేదు." తర్వాత అడిగింది. "ఈ శుక్రవారపు ప్రయాణాలు ఈ రోగుల కోసమేనా?"

విచారణ ఎప్పుడని అడిగాను.

"సరేనండి. ఆవిడ మాట ఒక్కటి మారినా ఒప్పుకునేవారు కాదని నలభయ్యో పేజీ అంచున మీరే రాశారు. అందుకని జాగ్రత్తగా చేయాలి. రోజుకు ఒక పేజీ కంటే కుదరదు. మా పైవాళ్ళకు ఆ మాట రాసి పంపించాను, ఒప్పుకున్నారు. తొందరపడి తప్పులు చేస్తే కూటములతో గొడవ కదా."

"ఒక్కో భాషకు రోజుకు ఒక పేజీనా?"

"ఒక భాష పూర్తయ్యాక రెండోది."

ఫోను పెట్టేశాక కాసేపు బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. సూర్యం గారు నీళ్ళు తెచ్చిచ్చారు. ఏమైంది మేడమ్ అని అడిగారు. బుగ్గలు తడిగా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

నమోదు 4,141. శుక్రవారం.

తూర్పురెక్క, సాక్షులు ముగ్గురు.

విమానం లేచాక ఫోను సంగతి చెప్పాను. మాస్టారు వేళ్ళ మీద లెక్కవేశారు. రెండు వందల పన్నెండు పేజీలు, రెండు భాషలు, శని, ఆదివారాలు, పండుగలు తీసేస్తే రెండేళ్ళకు కాస్త తక్కువ. సందు మూయకపోతేనే, అన్నారు. అవును, మూయకపోతేనే అన్నాను.

ఫాతిమా కొంచెంసేపయ్యాక లేచి వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. క్షమించిందని కాదు. కిటికీ వైపు ఎండ ఎక్కువగా ఉందంది.

ఆసుపత్రిలో మాస్టారికి సూదులు గుచ్చడం అయ్యాక స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

"మీ వాంగ్మూలం మొదలుపెట్టాలి మాస్టారూ. ఈ మార్గంలో పోటీ గురించి మీరు స్వయంగా చూసింది."

"నాకు ఆవిడలా చెప్పడం రాదమ్మా."

"వచ్చినట్టే చెప్పండి."

ఆయన యంత్రంలోకి వెళ్తున్న తన రక్తాన్ని చాలాసేపు చూశారు. తర్వాత పాఠం చెప్పే గొంతుతో, నేను రాసుకునే వేగానికి సరిపోయేట్టు, ఒక్కొక్క మాటా చెప్పారు.

"నేను చిన్నప్పుడు ఈ దీవికి విమానం లేదు. ఓడలుండేవి, ఏడుగురు యజమానులవి ఏడు. మొదటిసారి విశాఖకు బయల్దేరినప్పుడు జెట్టీ మీద ఒక ఓడవాడు మా నాన్న చెయ్యి పట్టుకుని లాగాడు, ఇంకొకడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. మూడోవాడు మా పెట్టె ఎత్తుకుని పరిగెత్తాడు. మావాడంటే మావాడని కొట్టుకున్నంత పనిచేశారు. నేను భయపడి ఏడ్చాను."

రాసుకున్నాను. చదివి వినిపించాను. తలూపారు.

"చివరికి ఎవరి ఓడ ఎక్కారు?" అని అడిగాను. అది ఫారంలో లేని ప్రశ్న.

మాస్టారు మొదటిసారి నా వైపు తిరిగారు.

"ఏడుస్తున్నానని నాకు బెల్లం టీ ఇచ్చినవాడిది" అన్నారు.